అధ్యాపక సన్మాన సంచికలు – బోధన విమర్శ

మా శాఖా గ్రంథాలయమున తూర్పు గోడ నానుకొని యున్న రెండు బీరువాలు కేవలము అభినందన సంచికలకే కేటాయింపబడినవి. షష్టిపూర్తి సంచికలు, సప్తతి సంచికలు, పదవీవిరమణ సంచికలు, స్మారక సంచికలు అందు గలవు. వీనిలో పెక్కింటి కథానాయకులు విశ్వవిద్యాలయములలోను కళాశాలలలోను తెలుగు బోధించినవారే. పరిశోధక విద్యార్థులు ఈ బీరువాల నంతగా తెఱవరు. తెఱచినను అందలి యే యొక వ్యాసము కొఱకో తెఱతురు గాని, ఆ సంచిక ఎవరి గౌరవార్థము వెలువడినదో ఆయనను గూర్చి తెలిసికొనుటకు తెఱవరు. గడచిన వేసవి సెలవులలో నేను వీనిని వరుసగా చదివితిని. అట్లు చదువుటకు గల కారణమును ముందు చెప్పెదను. చదివి ముగించిన పిమ్మట నాకు మిగిలిన సందేహ మొక్కటే. ఇన్ని సంచికలు ఇందఱు అధ్యాపకులను గౌరవించినవి కదా, వీరిలో ఒక్కరైనను తరగతిలో పాఠ మెట్లు చెప్పిరో వీనివలన తెలియునా?

తెలియదు. ఇది నిష్ఠురముగా తోచవచ్చును గాని వాస్తవము.

ప్రబంధమునకు అష్టాదశ వర్ణన లున్నట్లే అభినందన సంచికకును కొన్ని వర్ణనలు స్థిరపడిపోయినవి. నాయకుని జన్మగ్రామ వర్ణనము, వంశ వర్ణనము, గురుపరంపర, పట్టములు, బిరుదములు, గ్రంథముల పట్టిక, అధిష్ఠించిన పీఠములు, చూచి వచ్చిన దేశములు, మంత్రులయు ఉపాధ్యక్షులయు సందేశములు, నడుమ నిగనిగలాడు కాగితముపై ఛాయాచిత్రములు. వీని తరువాత శిష్యుల స్మృతులు. ఇచ్చట నైనను బోధన ప్రసక్తి వచ్చునని ఆశపడి చదివితిని. వచ్చినది. కాని ఎట్లు వచ్చినది? ఆయన పాఠము చెప్పుచుండగా గంట తెలియక గడచిపోయెడిదట. వాక్కు గంగాప్రవాహమట. పద్యము చదివినచో తరగతి తన్మయ మయ్యెడిదట. ఈ మాటలను ఒక సంచిక నుండి తీసి మఱియొక సంచికలో నుంచినను ఎవ్వరికిని తెలియదు. ఒక కవిని గూర్చి ఇట్లే వ్రాసి తెచ్చిన విద్యార్థి వ్యాసమును మనము అంగీకరింతుమా? ఏ పద్యము, ఏ శబ్దము, ఎచ్చటి ధ్వని యని యడుగమా? కవి విషయమున మనము అడుగు ప్రశ్నను అధ్యాపకుని విషయమున అడుగుట లేదు. అనగా బోధనను మనము విమర్శింపదగిన పనిగా పరిగణించుట లేదన్న మాట. విమర్శకు తగనిదానికి ప్రశంస మాత్రము ఎట్లు తగును?

గురువును గౌరవించుట మనకు క్రొత్త కాదు. పూర్వము దాని స్వరూపము వేఱు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు మొదలగువారు ఆయన శిష్యులు. పింగళి కాటూరి కవులు తమ సౌందరనందమును గురువుగారికే గురుదక్షిణగా సమర్పించిరి. శాస్త్రిగారికి సన్మానములు కొల్లలుగా జరిగినవి. 1949లో మద్రాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా నియమించినది. అవన్నియు అవధానికిని కవికిని జరిగినవి. అధ్యాపకునికి జరిగిన సన్మాన మేదని యడిగినచో నేను సౌందరనందమునే చూపుదును. శిష్యుడు నేర్చినదానిని నేర్చినట్లుగా చూపి గురువు చేతిలో పెట్టుట అది. అందు పొగడ్త యున్నను లేకున్నను పని యున్నది. గురువునకు అంతకంటె కావలసిన నిదర్శన మేమి?

ఈ యంకిత సంప్రదాయము కాలక్రమమున సన్నగిల్లి, పాశ్చాత్య విశ్వవిద్యాలయముల నుండి వ్యాససంపుటమును సమర్పించు పద్ధతి మనకు వచ్చెను. తెలుగున ఈ పద్ధతికి తొలినాటి ఉదాహరణములలో గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారి డెబ్బదియవ జన్మదినమునకు నవ్యసాహిత్య పరిషత్తు 1933లో సమర్పించిన వ్యాససంపుటము ముఖ్యమైనది. వ్యాసములే కానుకగా సమర్పించిన సంపుటమది. ఆ పద్ధతి ఉత్తమమైనదే. అయినను గిడుగువారి విషయమున మనము చేసిన పొరపాటును ఇచ్చట కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ఏలయన ఈ వ్యాసమునకు మూలమైన విషయము ఆయన జీవితమున ఉన్నంత స్పష్టముగా మఱియెచ్చటను లేదు.

ఏటేట ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొందుము. అది గిడుగువారి జన్మదినము. ఏడవ నాడు, సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవము. ఇది 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినము. 1962 నుండి దేశమంతట ఉపాధ్యాయ దినముగా సాగుచున్నది. మొదటి సభలో గిడుగువారు భాషోద్యమ నాయకులు. రెండవ సభలో ఆయన పేరే వినబడదు. ఒక్క వారము లోపల జరుగు ఈ రెండు సభలకును మా శాఖలో వేదిక అదే, పూలమాలలు తెచ్చు అంగడి అదే, తఱచుగా వక్తలును వారే. కాని గిడుగువారు మొదట ఎవరు? పదునేడేండ్ల వయస్సున, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో క్రింది తరగతులకు చరిత్ర చెప్పుటకు చేరిన ఉపాధ్యాయుడు. ముఖలింగ శాసనముల లిపిని ఆయన ఎవరి చెంతను అభ్యసింపలేదు. చరిత్ర చెప్పువానికి చరిత్రకు ఆధార మేదో తెలియవలెనని తానే కూర్చుండి నేర్చుకొనెను. చుట్టుపట్ల కొండలలోని సవరల పిల్లలకు చదువు లేకుండుట చూచి, ఆ భాష తెలిసినవానిని ఇంట నుంచుకొని సవర భాష నేర్చి, వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టెను. ప్రభుత్వము పారితోషిక మీయజూపగా అది తనకు వలదనియు సవరలకు బడి కావలెననియు కోరినట్లు ఆయన చరిత్రకారులు చెప్పుదురు. 1931లో వెలువడిన సవర వ్యాకరణము, ఆ తరువాతి నిఘంటువు భాషాశాస్త్ర గ్రంథములుగా ప్రసిద్ధి కెక్కినవి. వాని పుట్టుక మాత్రము ఒక బడి పంతులు అవసరము నుండి కలిగినది.

వ్యావహారిక భాషోద్యమము సంగతియు నిట్టిదే. దానిని మనము సాహిత్య చరిత్రలో కవులకును పండితులకును నడుమ జరిగిన వివాదముగా బోధించుచున్నాము. జయంతి రామయ్య పంతులుగారు, 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు, గురజాడవారు 1914లో వ్రాసిన అసమ్మతి పత్రము – ఇవి పరీక్షలో వచ్చు ప్రశ్నలు. కాని ఆ యుద్ధమునకు నాంది యెచ్చట? 1906లో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె. ఎ. యేట్స్ అను ఆంగ్లేయు డడిగిన ప్రశ్నలో. తాను పండితులయొద్ద నేర్చిన తెలుగు ఒకటి, ఊరిలో వినబడు తెలుగు వేఱొకటి. పిల్లలకు ఏ తెలుగు చెప్పుచున్నా రని ఆయన సందేహము. విశాఖపట్టణమున ఎ. వి. ఎన్. కళాశాల అధ్యక్షులుగా నున్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నను గురజాడవారి యొద్దకును గిడుగువారి యొద్దకును తెచ్చిరి. అప్పటి సభలు, చర్చలు పెక్కు ఉపాధ్యాయుల నడుమ జరిగినవి. నేటి మాటలలో చెప్పవలెనన్న అవి అధ్యాపకుల వృత్తివికాస సదస్సులు! వానికి ఎవ్వరును ప్రమాణపత్రము లీయలేదు. పాఠ మెట్లు చెప్పవలె నన్న సందేహ మొకటి ఒక జాతి వచనమునే మార్చివేసినది.

గిడుగువారి గ్రంథములను ఈ దృష్టితో మరల చదువుడు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ ఎట్టి పుస్తకము? గ్రాంథికమే వ్రాయవలెనను పండితులు వ్రాసిన గ్రాంథికమున దొరలిన తప్పుల పరామర్శ. ‘బాలకవి శరణ్యము’? వ్యాకరణము కాదన్నదానిని కవులు ప్రయోగించిన తావుల సంగ్రహము. ఈ రెంటి రచనావిధానమును భాషాశాస్త్రజ్ఞుని వాదముగా వివరించుట వాడుక. నాకు మాత్రము అది వ్యాసరచన పుస్తకములను దిద్దు ఉపాధ్యాయుని పద్ధతిగా కనబడుచున్నది. వాక్యము నెదుట పెట్టుకొని, ఇది యెందులకు తప్పు, ఎవరి దృష్టిలో తప్పు, పూర్వు లిట్లు వ్రాయలేదా యని ఒక్కొక్క దానిని గీత గీసి అడుగుట. ముప్పదియేండ్లు పిల్లల పుస్తకములు దిద్దిన చేయి అది. 1911లో ఉద్యోగము మానినను ఆ చేతి యలవాటు మానలేదు. ఆయన భాషాశాస్త్రమును మెచ్చుకొనుచు ఆయన బోధనను ప్రత్యేకముగా పరిశీలింపకుండుట వలన, ఆ శాస్త్రము ఎచ్చటనుండి పుట్టినదో చెప్పలేని స్థితికి వచ్చితిమి. (ఇట్లు గ్రాంథికమున వ్రాయుచు గిడుగువారిని కొనియాడుట చూచి కొందఱు నవ్వవచ్చును. ఈ పత్రిక సంప్రదాయము అట్టిది. ఆయన యుండినచో ఈ వ్యాసమును దిద్ది పంపియుండెడివారు, తప్పులు దొరకకపోవు.)

పిదప కాలమున సన్మాన సంపుటములు శాస్త్రీయముగా ప్రౌఢతరములైన మాట నిజము. 1991లో ఉస్మానియా విశ్వవిద్యాలయము భద్రిరాజు కృష్ణమూర్తిగారి గౌరవార్థము ప్రకటించిన ద్రావిడ, సామాన్య భాషాశాస్త్ర వ్యాససంపుటము ఆ శాస్త్రమున పనిచేయువారికి నేటికిని ఉపకరించునదే. అయినను ఆయన బోధనా సామర్థ్యమునకు సాక్ష్యము వెదకవలెనన్న నే నా సంపుటముకంటె ముందుగా మఱి రెండు పుస్తకములను తీయుదును. ఒకటి 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన వ్యవసాయ వృత్తి పదకోశము. పొలములలో రైతుల నోట పదములను సేకరించుట యెట్లో ఒక తరము పరిశోధకులకు చేసి చూపినది అది. రెండవది ఆయన సంపాదకత్వమున 1974లో వెలువడిన ‘తెలుగు భాషా చరిత్ర’. పలువురు పండితులు ఒక్కొక్క ప్రకరణమును వ్రాయగా, ఎం. ఏ. తరగతి కొఱకు ఇంత క్రమముగా సిద్ధమైన పుస్తకము మనకు అరుదు. దానిని చదివి పరీక్ష వ్రాసినవారమే మనలో అత్యధికులము. ఒక శాఖ పదిమందిని కూర్చి ఒక తరగతి యవసరమును తీర్చుట కంటె అధ్యాపకుని సాధన వేఱే యున్నదా? అభినందన సంచికలలో మాత్రము ఇట్టి పుస్తకము గ్రంథముల పట్టికలో ‘సంపాదకత్వము’ అను శీర్షిక క్రింద ఒక పంక్తిగా ముగిసిపోవును.

2010 తరువాత పరిస్థితి మఱింత వింతగా మారెను. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము ఆ సంవత్సరపు నిబంధనలతో అధ్యాపకుల పనికి గుణాంకములు నిర్ణయించినది. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య గల సంపుటములో వ్యాసము వచ్చినచో దానికి ఇన్ని గుణాంకములని లెక్క. ఆ వెంటనే అభినందన సంచికలకు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యలు రాసాగినవి. ఆ బీరువాలో చేయి పెట్టినచో ఈ మార్పు వేళ్లకు తగులును. 2010కి పూర్వపు సంచికలలో వ్యాసములు కొంచెమో గొప్పో నాయకుని అభిరుచులకు సంబంధించి యుండెడివి. శాసనముల పండితుని సంచికలో శాసనములు, ఛందస్సు చెప్పినవాని సంచికలో ఛందస్సు. తరువాతి వానిలో జానపద వైద్యము ప్రక్కన యాత్రాచరిత్ర, దాని ప్రక్కన సినిమా పాట. గౌరవింపబడు నాయనకు వీనిలో దేనితోను సంబంధము లేదు. వచ్చిన వ్యాసములు వచ్చినట్లు అచ్చైనవి. సన్మానము ఆయనకు, గుణాంకములు మనకు.

2018నాటి నిబంధనలు కళాశాలలలో ఈ లెక్కను కొంత సడలించినవి. అవి బోధనను కొలిచిన తీరును మాత్రము విమర్శకులు గుర్తుంచుకొనదగినది. తనకు కేటాయించిన తరగతులలో నూటికి ఎనుబది, అంతకు మించి తీసికొన్నవాని బోధన ‘మంచిది’. డెబ్బదికి పైన ఎనుబదికి లోపల ‘సంతృప్తికరము’. డెబ్బదికి తగ్గినచో సంతృప్తికరము కాదు. తరగతికి పోకుండుట దోషమే, కాదనను. కాని పోయినవాడు ఏమి చెప్పె నన్న ప్రశ్న ఇందెచ్చటను లేదు. ఒక కవి ఎన్ని పద్యములు వ్రాసెనో లెక్కించి, ఎనుబది దాటినచో మహాకవి యన్నట్లున్నది.

ఇక అధ్యాపకుల శిక్షణ సంగతి. పాఠశాల ఉపాధ్యాయునికి శిక్షణ అవసర మని అందఱు నంగీకరింతురు. విశ్వవిద్యాలయమున చెప్పువానికి పట్టమే చాలునన్నది చిరకాలపు విశ్వాసము. రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన పనిచేసిన 1948–49 విశ్వవిద్యాలయ విద్యాసంఘము పాఠశాలలలోను ఇంటర్మీడియేటు కళాశాలలలోను బోధించువారికి విశ్వవిద్యాలయములు పునశ్చరణ తరగతులు నడుపవలె నన్నది. 1964–66 కొఠారీ సంఘము క్రొత్తగా చేరిన ఉపన్యాసకులకు వృత్తిపరిచయ మేర్పాటు చేయుమన్నది. 1986 జాతీయ విద్యావిధానమునకు పిమ్మట, 1987 నుండి, అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలసినవి. ఉస్మానియా, హైదరాబాదు, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములలో నడచినవి. చేరినవానికి నాలుగు వారముల ఓరియెంటేషను, తరువాత మూడు వారముల పునశ్చరణ తరగతులు. 2015 ప్రాంతమున వాని పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రములనియు, 2023లో మాలవీయ శిక్షణ కేంద్రములనియు మారినది. పేరు మారినంత తఱచుగా పద్ధతి మారినదా యన్నది వేఱు ప్రశ్న.

నేనును అట్టి పునశ్చరణ తరగతులకు ఒక చోట హాజరైతిని. మూడు వారములలో నాకు కలిగిన లాభము లేకపోలేదు. ఇతర జిల్లాల మిత్రులు దొరకిరి. వక్తలలో ఇద్దఱు నిజముగా పెద్దలు. కాని ఆ మూడు వారములలో ఒక్క నాడును ఒక్క పద్యమైనను ఎవరును మాకు పాఠముగా చెప్పలేదు, మాచేత చెప్పింపనూ లేదు. సిద్ధాంతములను గూర్చి ఉపన్యాసములు వింటిమి. ఈత నేర్పుదు మని పిలిచి నదుల చరిత్ర చెప్పి పంపినట్లైనది. చివరి దినమున ప్రమాణపత్రము, బృందచిత్రము.

నాకు బోధనలో శిక్షణ దొరకిన తావు వేఱు. నేను ఉపన్యాసకుడుగా చేరిన మొదటి సంవత్సరము మనుచరిత్ర ద్వితీయాశ్వాసము నాకు వచ్చినది. పాదలేపము మంచున కరగిపోగా ఇల్లు చేరు దారి తెలియని ప్రవరుడు వరూధినిని దారి యడుగు ఘట్టము. ఆమె ఇచ్చిన సమాధానమును నేను పదవిభాగము చేసి, ప్రతిపదార్థము చెప్పి, తాత్పర్యము చెప్పి, అలంకారము వ్రాయించితిని. గంట ఇంకను పది నిమిషము లుండగనే పాఠము ముగిసెను. వరండాలో మా శాఖ పెద్దాయన నిలుచుండి వినుచున్నారని నాకు తెలియదు. బయటికి రాగానే అడిగిరి.

“ఏమయ్యా, ప్రవరుడు దారి అడిగాడు, సరే. ఆవిడ జవాబులో నవ్వు ఎక్కడ మొదలైందో పిల్లలకి చెప్పావా?”

“లేదు మాస్టారూ. తాత్పర్యం చెప్పాను.”

“తాత్పర్యం గైడులోనూ ఉంటుంది గదయ్యా. రేపు నా క్లాసుకి రా.”

మఱునాడు వెనుక బల్లపై కూర్చుంటిని. ఆయన ఆ పద్యమునే తీసికొని మూడు మారులు చదివిరి. మొదట మాటలు విడదీసి, వచనమువలె. రెండవ మారు ప్రవరుని చెవికి వినబడినట్లు, అనగా పరిహాసమేమియు తెలియని తొందరపాటు మనిషి వినునట్లు. మూడవ మారు తాను చదువక ఒక విద్యార్థిని చేత చదివించిరి. ఏ మాట దగ్గఱ కంఠము మారవలెనో ఆమెనే నిర్ణయించుకొనుమనిరి. ఆమె ఒక చోట ఆగినది. వేఱొక విద్యార్థి కాదు, దానికి ముందే యనెను. తరగతిలో తగవు పుట్టినది. అప్పు డాయన ఒక్క ప్రశ్న వేసిరి: ఆమె నవ్వుచున్నదని ప్రవరునికి తెలిసినదా, లేదా? మిగిలిన గంటయంతయు ఆ ప్రశ్నకే చెల్లినది. తెలిసినచో అతని తరువాతి పద్యములలోని మర్యాద ఒక అర్థమునిచ్చును. తెలియనిచో వేఱొక అర్థమునిచ్చును. విద్యార్థులు ముందుకును వెనుకకును పుటలు త్రిప్పి వెదకిరి. అలంకారము పేరు ఆయన చెప్పనే లేదు. చివర ఒక విద్యార్థి తానే చెప్పెను.

నేను ఆ సంవత్సర మంతయు ఆయన తరగతుల వెనుక బల్లపై కూర్చుంటిని. ఒక్కొక్క మారు ఆయన పాఠమును కుదరలేదు. వసుచరిత్ర చెప్పిన దినములలో శ్లేషలు విప్పుటలో మునిగి పిల్లలను మఱచిపోయెడివారు. ఇది కూడ చెప్పవలెను. శ్లేషను ఎంతవఱకు విప్పి ఎచ్చట విడువవలె నన్నది నేను ఆయన తప్పుచూచి నేర్చుకొంటిని.

ఆయన పదవీవిరమణ చేసిన యేట సంచిక వెలువడినది. నేనును సంపాదకవర్గమున ఒకడను. సందేశములు తెప్పించితిమి, ఛాయాచిత్రములు కూర్చితిమి, ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య సంపాదించితిమి. నేను స్వయముగా ఒక వ్యాసము వ్రాసితిని. అది నా సిద్ధాంతగ్రంథములోని నాలుగవ ప్రకరణము. ఆయనకు దానితో సంబంధ మేమియు లేదు. మనుచరిత్ర పాఠమును గూర్చి ఒక్క వాక్యమైనను ఆ సంచికలో లేదు. పైన నేను పరిహసించిన ‘గంగాప్రవాహము’ అను మాట అందు రెండు చోట్ల నున్నది. ఒక చోట వ్రాసినవాడను నేనే. గడచిన సంవత్సర మాయన గతించిరి. శాఖలో క్రొత్తగా చేరిన ఉపన్యాసకుడు ఆయన ఎట్లు చెప్పెడివారని నన్నడిగి, సంచిక ఉన్నదట కదా, ఇండనెను. ఇచ్చితిని. రెండు దినములకు తిరిగి యిచ్చి, “ఇందులో లేదండీ” అనెను. వేసవిలో ఆ బీరువాలను చదువుటకు కారణ మిది.

బోధన గాలిలో కలిసిపోవునది, దానిని పట్టి నిలుపుట యెట్లని ఆక్షేపింపవచ్చును. అవధానములు గాలిలో కలిసిపోవలేదు. సభలో విన్నవారు పద్యములను వ్రాసికొనిరి. పాఠములు మాత్ర మెందుకు పోవలెను? భాషాశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు సొసూర్ పేరు వినియున్నాడు. జెనీవాలో 1907 నుండి 1911 వఱకు ఆయన మూడు మారులు సామాన్య భాషాశాస్త్ర పాఠములు చెప్పెను. పుస్తకము వ్రాయకయే 1913లో మరణించెను. విద్యార్థుల నోటుపుస్తకములను ఆధారముగా గొని బాయి, సెషెహాయి అను ఇరువురు సహోద్యోగులు 1916లో ఆ పాఠములను గ్రంథముగా వెలువరించిరి. ఆ శాస్త్రము గతినే మార్చిన గ్రంథము అక్షరాల తరగతి పాఠము! అందు సంపాదకులు చేసిన మార్పులను గూర్చి తరువాతి పండితులు వాదించుచునే యున్నారు, అదియు మంచిదే. ఆ వాదము జరుగుటకు నోటుపుస్తకము లుండవలెను గదా. (సొసూర్ పాఠము ముగించిన 1911లోనే గిడుగువారును పాఠశాలను విడిచిరి. ఇది కేవలము కాకతాళీయము.)

నేడు ప్రతి విద్యార్థి జేబులోను పాఠమును ముద్రించు సాధన మున్నది. గత కొన్ని సంవత్సరములుగా వేలకొలది పాఠములు అట్లు నిలువ యున్నవి. కాని ముద్రణము విమర్శ కాదు. అందు ఏ ప్రశ్న పాఠమును త్రిప్పినదో, ఎచ్చట తరగతి చేజారినదో గుర్తించి వ్రాయువాడు వేఱుగా కావలెను. కనుక అభినందన సంచికను మానుమనుట నా యుద్దేశము కాదు. అందలి సందేశములను పది పుటలు తగ్గించి, గౌరవింపబడు అధ్యాపకుని పాఠమొకటి పూర్తిగా, ఆయన వేసిన ప్రశ్నలతో, విద్యార్థుల జవాబులతో సహా వేయవలె నందును. ఆయన కూర్చిన ప్రశ్నపత్రములు రెండు మూడు వేయవచ్చును. ఒక అధ్యాపకుడు దేనిని ముఖ్యమనుకొనెనో ప్రశ్నపత్రము తెలిపినట్లు ఏ యుపన్యాసమును తెలుపదు. ఆయన పాఠ్యప్రణాళికలో చేర్చినది, తీసివేసినది చెప్పవలెను. కుదరని పాఠములను గూర్చియు మర్యాదగా వ్రాయవలెను. అట్టి సంచికను క్రొత్త ఉపన్యాసకుని చేతిలో పెట్టినచో అతనికి మూడు వారముల పునశ్చరణకంటె ఎక్కువ యుపకరించును. దానితోపాటు మొదటి సంవత్సరమున వారమునకొక్క గంట పెద్దల తరగతిలో వెనుక బల్లపై కూర్చుండుటకు అతని కాలపట్టికలోనే చోటు చేయవలెను. దీనికి ధనసహాయ మక్కఱలేదు, ఒక బల్ల చాలును. పెద్దలు తమ తరగతిలోనికి మఱియొక అధ్యాపకుని రానిచ్చుట యొక్కటే కష్టము. అది తేలిక కాదని నాకు తెలియును. నా తరగతికి ఎవరైన వచ్చి కూర్చున్నచో నాకును మాట తడబడును.

మా పెద్దాయన పాఠముల కొఱకు నేను పూర్వవిద్యార్థులకు జాబులు వ్రాసితిని. ఇప్పటికి నాలుగు నోటుపుస్తకములు వచ్చినవి. ఒకదానిలో మనుచరిత్ర ఘట్టము పదునొకండు పుటలున్నది. నేను విన్న పాఠమునకు చాల సంవత్సరములు ముందు చెప్పినది. అప్పు డాయన ప్రవరుని ప్రశ్న వేయలేదు. అలంకారము పేరుతోనే మొదలుపెట్టి, ప్రతిపదార్థముతో ముగించిరి. ఆ ప్రశ్న ఆయనకు తరువాత నెప్పుడో తట్టినదన్న మాట. ఎప్పుడు, ఎట్లు తట్టినదో నడిమి సంవత్సరముల పుస్తకములు దొరకిన గాని చెప్పలేము. ఆ నాల్గింటి నకళ్లను శాఖా గ్రంథాలయమున ఆ బీరువాలలోనే, ఆయన సంచిక ప్రక్కన నుంచితిమి. తమ అధ్యాపకుల పాఠముల నోటుపుస్తకములు ఎవరి యొద్దనైన నున్నచో, అవి ఏ కళాశాలవైనను, శాఖకు పంపగోరుచున్నాను. నకలు తీసికొని మూలప్రతిని భద్రముగా తిరిగి పంపుదుము.